పచ్చి చిట్టెం

ల్యాబు తలుపు సగం దాకా తెరుచుకుని ఆగిపోయింది.

యజమాని బావమరిది దాన్ని భుజంతో నెట్టాడు. కదల్లేదు. బూటుకాలితో ఒక్క తన్ను తన్నాడు. నేల మీద పరిచిన పలకల్ని గీరుకుంటూ, చెవులు చిల్లులు పడే చప్పుడుతో ఇంకో జానెడు జరిగింది.

“వానలు పడ్డ దగ్గర్నుంచీ ఇదే గోల, గురువుగారూ,” అన్నాడు చెమట తుడుచుకుంటూ. “పక్కకి తిరిగి దూరండి. మీ ఒంటికి ఆ సందు చాలు.”

“మా వంటింటి తలుపూ ఇంతే. ఈమధ్య అస్తమానూ పట్టేస్తోంది,” అంది నా వెనకాల ఉన్న నర్సమ్మ.

“వానాకాలం కదమ్మా. ఇంటింటికీ ఉన్నదే,” అని ఆమెకి దారి ఇచ్చాడు బావమరిది.

యార్డులో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. యజమాని భార్యకి తమ్ముడు. యజమాని సంతకాలు పెడతాడు, యార్డు ఇతను నడుపుతాడు. పేరుకి ఏ హోదా లేకుండా అన్ని హోదాలూ వెలగబెట్టే రకం. ఇలాంటివాళ్ళని నేను మొదటి చూపులోనే నమ్మను. ఇంతవరకూ ఆ అలవాటు మార్చుకోవాల్సిన అవసరం రాలేదు.

ఇది ఇటుకల యార్డు, కానీ మట్టి ఇటుకలు కాదు. కరెంటు ప్లాంటు బూడిద, ఉక్కు కొలిమిలో తేలిన చిట్టెం, కూలగొట్టిన ఇళ్ళ ముక్కలు లారీల్లో లోపలికి వస్తాయి. ఇటుకలూ, నేల మీద పరిచే పలకలూ అయి బయటికి పోతాయి. ‘ఒకరి చెత్త ఇంకొకరి గోడ’ అని గేటు మీద గొప్పగా రాయించుకున్నారు. మంచి మాటే. అన్నిటినీ తిరిగి వాడుకునే ఉపాయం కనిపెట్టారు గానీ, వాడి పారేసిన మనిషిని తిరిగి వాడుకునే ఉపాయం మాత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఆ పారేసిన మనిషి నర్సమ్మ తమ్ముడు. ఇక్కడ ల్యాబ్ సారు. వచ్చిన ప్రతి లారీలోంచీ పిడికెడు తీసి పరీక్ష చేసి, ఇటుకకి పనికొస్తుందో లేదో తేల్చడం అతని పని. అతను ఊ అననిదే ఒక్క తట్ట కూడా కలవదు. అలాంటిది, రెండు నెలల కిందట ఒక చిన్నపిల్లల బడిలో ఈ ఇటుకలతో కట్టిన గోడలు పొడి రాల్చాయి. ఆ పొడిలో ఆడుకున్న పిల్లలు వరసగా మంచాన పడ్డారు. రక్తం పరీక్ష చేస్తే సీసం. పాత బ్యాటరీలు కరిగించే చోట ఊడ్చిన బూడిదలో ఉండేంత సీసం. సంగతి బయటపడడానికి ముందురోజే ల్యాబ్ సారు మాయమయ్యాడు.

ఇంకేం కావాలి? పారిపోయినవాడే దొంగ. ఈ సాయంత్రం ఇన్‌స్పెక్టరు ఫైలు కోర్టుకి పంపిస్తున్నాడు. ముద్దాయి ఒక్కడే, పరారీలో ఉన్నాడు, కేసు పూర్తి.

నర్సమ్మ పనిచేసేది ఆ పిల్లలున్న ఆసుపత్రిలోనే. నా దగ్గరికి వచ్చిన రోజు ఆమె ఏడవలేదు. “నిన్న ఒకావిడ నా చేతిలో సూది లాక్కుందన్నయ్యా,” అంది. “తమ్ముడు విషం పెడతాడు, అక్క మందు వేస్తుందా అంది. ఆ వార్డులో నన్నెవరూ పిల్లల్ని ముట్టుకోనివ్వట్లేదు. మా వాడు దొంగయితే దొంగని చెప్పండి, వింటాను. చచ్చిపోతే చచ్చిపోయాడని చెప్పండి. ఏదీ తెలియకుండా ఆ పిల్లల మొహాలు చూడలేను.”

ఇలాంటివి తేల్చిపెట్టడమే నా వృత్తి, కానీ అలాంటి మాటకి బేరం ఉండదు.

నేను ల్యాబు మధ్యలో నిలబడి తలుపు వంక చూశాను.

“ఈ తలుపు దేనితో చేశారు?”

బావమరిది నవ్వాడు. “కనబడుతోందిగా, గురువుగారూ. ఇనుము.”

“ఇనప తలుపు వానకి ఉబ్బుతుందా?”

నవ్వు ఆగలేదు గానీ చిన్నదయింది. “మడతబందులు దిగిపోయుంటాయి.”

చూశాను. బందులు చెక్కుచెదరలేదు. తలుపు పై అంచుకీ గుమ్మానికీ మధ్య ఖాళీ ఈ చివర్నుంచి ఆ చివరికి ఒకేలా ఉంది. తలుపు కిందికి దిగలేదు. అంటే నేలే పైకి లేచింది.

బల్ల మీది గ్లాసు తీసి నీళ్ళు తలుపు దగ్గర నేల మీద ఒంపాను. నీళ్ళు తిన్నగా పారలేదు. తలుపు వెనక, నీళ్ళ తొట్టికి ఇవతల ఒక చోటుని చుట్టి రెండు పాయలుగా పోయాయి. ఆ చోటు పొడిగా మిగిలింది. వెడల్పు బకెట్టు మూతంత. ఎత్తు వేలెడు మందం. ఆ తొట్టిలో పరీక్ష చేసే ఇటుకలు నానబెడతారు. దాని అంచులు ఎప్పుడూ కారుతూనే ఉంటాయట.

“గేటు పక్కన చిట్టెం కుప్పలు రెండున్నాయి,” అన్నాను. “ఒకదాని ముందు ‘పచ్చిది, ముట్టుకోవద్దు’ అని బోర్డు చూశాను. ఏమిటా పచ్చి?”

సొంత యార్డు గొప్ప చెప్పుకునే అవకాశం వస్తే ఎవడూ వదులుకోడు. “అదా? కొలిమిలోంచి వచ్చిన చిట్టెంలో సున్నం ఉంటుంది, గురువుగారూ. నీళ్ళు తగిలితే తాగుతుంది, తాగి ఉబ్బుతుంది. తొందరపడి పచ్చిదాన్ని గచ్చు కింద పోశామనుకోండి, నెల రెండు నెలల్లో గచ్చు లేచి కూచుంటుంది. అందుకని కుప్ప పోసి, ఎండకీ వానకీ వదిలేసి, ఉబ్బాల్సిందంతా ఉబ్బాకే వాడతాం. పాత కుప్ప అదే. పచ్చిది గరిటెడు బయటికి పోయినా ఉద్యోగం ఊడుతుంది. ల్యాబ్ సారు పెట్టిన రూలే.”

“బాగా చెప్పారు. మరి ఇక్కడ లేచి కూచున్నదేమిటి?”

అతను నేల వంక చూశాడు. ఈసారి నవ్వలేదు.

“ఓహో! దుర్భిణి గారు అప్పుడే మొదలుపెట్టేశారే!”

ఆ గొంతు కోసం వెనక్కి తిరగక్కర్లేదు. ఇన్‌స్పెక్టరు సందులోంచి పొట్ట లోపలికి లాక్కుని దూరాడు. వెనకాల ఒక కానిస్టేబులు. ఇన్‌స్పెక్టరుకి నేనంటే పడదు. కిందటిసారి ఆయన మూసేసిన కేసుని నేను తెరిచాను. అప్పట్నుంచి నాకా బిరుదు తగిలించాడు.

“మూసే ముందు ఒకసారి చూసిపోదామని వచ్చాను. ఏం చేస్తున్నావ్?”

“నేల చూస్తున్నాను, సార్. ఇక్కడ పచ్చి చిట్టెం పోసి పైన పలకలు పరిచారు. ఈ పని తెలిసినవాడు ఎవడూ ఆ పొరపాటు చెయ్యడు. కంగారులో, గేటు దగ్గర చేతికందిన కుప్పలోంచి ఎవడో ఎత్తుకొచ్చి గొయ్యి పూడ్చాడు.”

“ఏడో క్లాసు తప్పినవాడివి, నువ్వు నాకు కెమిస్ట్రీ చెబుతున్నావా?”

“తప్పలేదు సార్, మానేశాను. తప్పాలంటే పరీక్ష రాయాలి.”

కానిస్టేబులు దగ్గు వచ్చినట్టు మొహం అటు తిప్పుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు నా మీద కోపం మింగి, నేల వంక ఆశగా చూశాడు. ఆయన బుర్రలో ఏం తిరుగుతోందో తెలుస్తూనే ఉంది. గొయ్యి, పూడ్చడం, మాయమైన మనిషి. సాయంత్రం ఫైలు కంటే రేపటి పేపర్లో ఫొటో బాగుంటుంది.

“తవ్వు,” అన్నాడు కానిస్టేబులుతో. “శవం దొరికితే కేసు నాది. దొరక్కపోతే ఈ పలకలు దుర్భిణి చేత పరిపిస్తాను.”

“పరుస్తాను. కూలి మాత్రం మీరివ్వాలి.”

నర్సమ్మ గోడకి ఆనుకుంది. బయట నిలబడమన్నాను. తల అడ్డంగా ఊపింది. “నేను నర్సునన్నయ్యా. చూడగలను,” అంది.  చేతులు మాత్రం చీర చెంగుని మెలిపెడుతూనే ఉన్నాయి.

పలకలు తేలిగ్గానే లేచాయి. వాటి కింద ఇసక. ఇసక కింద చిట్టెం, తెల్లటి పొట్టు కట్టి, రాయి రాయిని పట్టుకుని గట్టిపడి ఉంది. గడ్డపార దిగిన ప్రతిసారీ నర్సమ్మ కనురెప్పలు వాలి లేస్తున్నాయి. బావమరిది కిటికీ దగ్గరికి జరిగి ఫోను తీశాడు. మోకాలి లోతు వచ్చేసరికి గడ్డపార కింద ఖంగుమంది.

కానిస్టేబులు వంగి చేత్తో తీశాడు.

గాజు జాడీ. నమూనాలు పోసే ల్యాబు జాడీయే. మూత చుట్టూ మైనం పోసి ఉంది.

నర్సమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. ఆ ఊపిరి ఎప్పట్నుంచి బిగబట్టిందో నాకు తెలుసు.

జాడీలో గుప్పెడు నల్లటి పొడి, ఒక ప్లాస్టిక్ పట్టీ ఉన్నాయి. లారీ వెనక తలుపుకి వేసే సీలు అది. సరుకు ఎక్కడ నింపితే అక్కడివాళ్ళే బిగిస్తారు. ఒక చివర నంబరు, ఇంకో చివర కార్ఖానా పేరు అచ్చు వేసి ఉంటాయి. ఇందులో నంబరున్న ముక్కే ఉంది. పేరున్న ముక్క లేదు. మధ్యలో కత్తెరతో నీటుగా కత్తిరించారు.

“శవానికి బదులు మసి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఫొటో చేజారిన ఉక్రోషం ఆ మాటలో ఉంది. ఇంతలోనే తేరుకున్నాడు. “అయితే ఏం? నాకిదీ పనికొస్తుంది. విషం బూడిద కలిపింది ఎవడు? ల్యాబ్ సారు. ఆ బూడిద మిగిలింది ఎవడి గదిలో? ల్యాబ్ సారు గదిలో. దాచిపెట్టి పారిపోయాడు. నా ఫైలుకి నువ్వే సాక్ష్యం తవ్వి ఇచ్చావు, దుర్భిణీ. థాంక్స్.”

నర్సమ్మ నా వంక చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

“ఒక్క మనిషిని పిలిపించండి, సార్. చిట్టెం కుప్పల దగ్గర లోడరు నడిపే ఆవిడని. తర్వాత మీ ఇష్టం.”

కానిస్టేబులు వెళ్ళి తీసుకొచ్చాడు. ఆవిడ నడుముకి చెంగు బిగించి, చేతులకి గ్రీజుతో, గొడవకి సిద్ధంగా వచ్చింది. “పని ఆపి రమ్మంటే ఎట్టాగయ్యా? లారీలు నిలబడిపోయాయి. ఆ డ్రైవర్ల తిట్లు మీరు తింటారా?”

“తింటాం. ల్యాబ్ సారు నిన్ను చిట్టెం అడిగాడా?”

“అడిగాడు, ఇచ్చాను. ఏం, అదేమన్నా బంగారమా?”

“ఏ కుప్పలోది?”

“పాత కుప్పలోది.” ప్రశ్న పూర్తి కాకముందే వచ్చింది జవాబు.

గోతిలోంచి ఒక ముక్క తీసి ఆవిడ అరచేతిలో పెట్టాను. తెల్లటి పొట్టు వేళ్ళకి అంటింది. “ఇది పాతదా? నాకంటే నీకే బాగా తెలుసు. నా దగ్గర అబద్ధమాడితే నీకొచ్చే నష్టమేం లేదు. అదుగో, ఆ టోపీ ఆయన దగ్గర ఆడితే ఉంది.”

ఆవిడ ముక్కని చూసింది, టోపీని చూసింది.

“పచ్చిది ఇచ్చానని తెలిస్తే నా ఉద్యోగం పోదా అయ్యా?” అంది, అప్పటికీ గొంతు తగ్గించకుండా. “ఆ రూలు పెట్టిందే ఆయన. ఆయనే వచ్చి పచ్చిది కావాలంటే నేనేం చెయ్యను? సారూ, ఎండకి బుర్ర తిరిగిందా, అది పచ్చిది అన్నాను. ఆయన నవ్వాడు. ‘తెలుసు. పాతది నోరు మూసుకుని పడుంటుంది. పచ్చిది ఊరుకోదు. ఊరుకోనిదే కావాలి నాకు’ అన్నాడు. చదువుకున్నోళ్ళకి ఒక్కోసారి అట్టాగే తిక్క లేస్తుందిలే అని ఇచ్చేశాను.”



కంగారుపడ్డ దొంగ చేసిన పొరపాటని గంట కిందట నేను ధీమాగా చెప్పాను. పొరపాటు నాది. ఈ పని తెలిసినవాడు ఎవడూ ఇలా చెయ్యడన్నది నిజమే, కావాలని చేస్తే తప్ప.

“విన్నారా సార్?” అన్నాను ఇన్‌స్పెక్టరుతో. “దాచేవాడు దాచింది పైకి లేవకూడదనుకుంటాడు. ఇతను పైకి లేపేదాన్నే ఏరి తెచ్చి పోశాడు. అదీ ఎక్కడ? నీళ్ళు కారే తొట్టి పక్కన, తలుపు తిరిగే చోట. ఇది దాచడం కాదు, గంట కట్టడం. తనకేమన్నా అయితే, తను నోరు తెరిచే పరిస్థితిలో లేకపోతే, వానలు పడ్డాక ఎవడో ఒకడు ఈ తలుపు తన్నుతాడు. ఎందుకు పట్టేస్తోందని ఇంకెవడో ఒకడు అడుగుతాడు. అంతవరకూ ఈ గదిని ఎవరు ఎంత వెతికినా ఏమీ దొరకదు. విషం కలిపినవాడికి ఈ బాధంతా ఎందుకు సార్? జాడీని తీసుకెళ్ళి కాలవలో పారేస్తే పోయేది.”

ఇన్‌స్పెక్టరు మూతి బిగించాడు. మొండివాడు గానీ తెలివితక్కువవాడు కాదు. “మరి కలిపింది ఎవరు? పేరున్న ముక్క ఏది? ఉత్త నంబరు పట్టుకుని కోర్టులో దండకం చదవనా?”

“వెతుకుదాం,” అని లోడరావిడ వైపు తిరిగాను. “ఎంత ఇచ్చావు?”

“రెండు బకెట్లు.”

“ఎంత?”

“రెండని చెబితిని కదా. ఒకటి ఇక్కడికి మోసుకొచ్చాడు. ఇంకోదాన్ని గోనెలో పోసి స్కూటరు ముందు పెట్టుకుని పోయాడు. ఆయన కనబడకుండా పోయే ముందు శనివారం. పోయిన వారం కూడా అడిగారు కదా, అప్పుడూ ఇదే చెబుదామనుకున్నా గానీ...”

“ఎవరు అడిగారు?”

“మన బావమరిది గారే. సారు చివర్లో ఏమేం పట్టుకుపోయాడు అని. నా ఉద్యోగం పోతుందని ఏమీ పట్టుకుపోలేదని చెప్పా.”

నేను కిటికీ వైపు తిరిగాను. కిటికీ దగ్గర ఎవరూ లేరు.

బయటికి చూశాను. బావమరిది తన కారుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. పారిపోవట్లేదు. మాట్లాడడం అయిపోయినట్టు ఫోను చొక్కా జేబులో వేసుకుంటున్నాడు. నన్ను చూసి, పెళ్ళివారిని పలకరించినట్టు చెయ్యి ఊపాడు.

పారిపోయేవాడంటే నాకు భయం లేదు, పట్టుకోవచ్చు. తీరిగ్గా నిలబడినవాడిని చూస్తేనే అనుమానం. వాడి పని ఇంకెవడో చేస్తున్నట్టు లెక్క.

అప్పుడు గుర్తొచ్చింది, ఈ గదిలో అడుగుపెడుతుంటే నర్సమ్మ అన్న మాట. నేను చెవిన పెట్టని మాట. బావమరిది మాత్రం చెవిన పెట్టి, ఇంటింటికీ ఉన్నదేనని సర్ది చెప్పిన మాట. నా పచ్చి చిట్టెం పాఠమంతా ఆ తర్వాత అతని ముందే జరిగింది. రెండూ కలుపుకోవడానికి అతనికి రెండో బకెట్టు సంగతి కూడా అక్కర్లేకపోయింది.

“నర్సమ్మా, మీ వంటింటి తలుపు చెక్కదేనా?”

“కాదన్నయ్యా, ప్లాస్టిక్‌ది. చెదలు పట్టదని తమ్ముడే పెట్టించాడు...” అంటూ ఆగిపోయింది.

ప్లాస్టిక్ తలుపూ వానకి ఉబ్బదు.

“కింద నేల?”

“ఈ పలకలే. కనబడకుండా పోయే ముందు ఆదివారం తనే కూర్చుని పరిచాడు. అంట్లు తోమే చోట, తలుపు పక్కన...” ఆమె తవ్విన గోతి వంక చూసింది. “అక్కా, ఇవి పాడైతే నువ్వే తీసి చూడు, మేస్త్రీని పిలవకు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.”

సీలులో పేరున్న ముక్క ఆ పలకల కిందే ఉండాలి.

“ఇంట్లో ఎవరున్నారు?”

“అమ్మ.”

“ఫోన్ చెయ్యి. స్పీకర్ పెట్టు. సార్, మీ కానిస్టేబుల్ని కారు దగ్గరికి పంపండి. ఆ మనిషి జేబులో ఫోను ముఖ్యం, మనిషి తర్వాత.”

ఇన్‌స్పెక్టరు మొట్టమొదటిసారి నాకు ఎదురు చెప్పలేదు. కానిస్టేబులుతో పాటు తనూ పరుగెత్తాడు. సందులో ఇరుక్కునే పొట్టని మర్చిపోయి మరీ.

ఫోను మోగింది. మోగుతూనే ఉంది. ఇక ఆగిపోతుందనగా ఎత్తారు.

“ఏమే, భోజనం చేశావా?”

“అమ్మా! ఇంటికి ఎవరన్నా వచ్చారా?”

“వచ్చాడుగా, నువ్వు పంపినతను. తలుపు బాగుచెయ్యడానికి. నర్సమ్మ గారు పంపారండీ అంటే లోపలికి రానిచ్చాను. కానీ అదేం పనే, తలుపు బాగుచెయ్యమంటే నేల తవ్వుతున్నాడు! గడ్డపార కూడా తెచ్చుకున్నాడు. అడిగితే కసురుతున్నాడు.”

ఫోను నేను తీసుకున్నాను. “పెద్దమ్మా, నేను మీ అమ్మాయి స్నేహితుణ్ణి. మీరు ఎక్కడున్నారు?”

“హాల్లో ఉన్నాను, నాయనా. వంటింట్లో దుమ్ము.”

“వంటింటికి ఇంకో దారి ఉందా?”

“లేదు. కిటికీ ఉంది గానీ ఊచలున్నాయి.”

“గడియ హాలు వైపే కదా? అయితే నేను చెప్పినట్టు చెయ్యండి. ఏం మాట్లాడకుండా తలుపు దగ్గరికి వెళ్ళండి. గట్టిగా మీ వైపుకి లాగేసి గడియ పెట్టెయ్యండి. అది పట్టేసే తలుపే. లోపల్నించి వాడు ఎంత గుంజినా రాదు. మీ వాడు మీకోసం కట్టిన తలుపు అది. లాగగలరా?”

“పొద్దున లేస్తే దాంతోనే కుస్తీ పడుతున్నాను, లాగలేనా?” అంది పెద్దావిడ.

అడుగుల చప్పుడు వినిపించింది. గడ్డపార చప్పుడు దగ్గరైంది. తర్వాత, పలకల మీద ప్లాస్టిక్ గీరుకున్న కీచుమనే శబ్దం. ఖట్‌మని గడియ. వెంటనే లోపల్నించి దబదబా బాదుడు, బూతులు.

నర్సమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. లోడరావిడ “శభాష్ ముసలమ్మా!” అని గట్టిగా అరిచింది. కిటికీలోంచి చూస్తే, కానిస్టేబులు బావమరిది జేబులోంచి ఫోను లాగుతున్నాడు.  మాయమైన మనిషి కట్టిన గంట రెండోసారి మోగింది. మొదటిదానికంటే బాగా మోగింది.

“పెట్టేశాను, నాయనా,” అంది పెద్దావిడ ఆయాసపడుతూ. “ఇప్పుడేం చెయ్యను?”

“ఏం చెయ్యొద్దు. వీధి తలుపు కూడా వేసుకుని కూర్చోండి. మేం వస్తున్నాం.”

ఫోనులో కాసేపు బాదుడే వినిపించింది. తర్వాత ఆవిడ గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

“వీధి తలుపు వెయ్యడానికి లేదు, నాయనా. ఇతనితో ఇంకొకతను కూడా వచ్చాడు. ఇందాకట్నుంచీ బయట బండి మీద కూర్చున్నాడు. ఈ చప్పుడు విని... ఇదుగో, గుమ్మంలోకి వచ్చేశాడు.”

ఫోను ఆగిపోయింది.